మందు చేతికి అందిన తరువాత: మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగుల స్వీయనిర్వహణలో ఫార్మసిస్టు పాత్ర – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మల్టిపుల్ స్క్లీరోసిస్ మెదడును, వెన్నుపామును, కంటినరాన్ని బాధించే దీర్ఘకాలిక నాడీవ్యాధి. ఈ వ్యాధి గమనాన్ని మార్చగల తొలి ఔషధానికి 1993లో అమెరికాలో అనుమతి లభించింది. దానిని రోగి ఇంటిలోనే, తనకు తానే సూదిద్వారా ఎక్కించుకోవలసివచ్చింది. మందును గురించి రోగితో మాట్లాడరాదన్న నియమంలో ఒకప్పుడు పెరిగిన ఫార్మసిస్టు వృత్తి, మాట్లాడటమే తన ధర్మమని గుర్తించిన కాలం కూడా సరిగ్గా అదే. ఈ రెండు చరిత్రలు కలిసిన తీరును, ఆ కలయికవల్ల రోగికి దక్కిన బలాన్ని, అతనిపై పడిన భారాన్ని, తెలుగునేలతో ఈ చరిత్రకు ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మల్టిపుల్ స్క్లీరోసిస్, ఫార్మసిస్టు, స్వీయనిర్వహణ, ఇంటర్‌ఫెరాన్, రోగిసమాచారం, ఔషధచరిత్ర.

1. ఉపోద్ఘాతం

వైద్యచరిత్రను సాధారణంగా వ్యాధుల చరిత్రగానో, వైద్యుల చరిత్రగానో, ఔషధాల చరిత్రగానో రాయడం పరిపాటి. మందు కనుగొన్న సంవత్సరంతో ఆ కథ ముగుస్తుంది. రోగి కథ మాత్రం అక్కడే మొదలవుతుంది. మందు సీసా ఇంటికి వచ్చిన తరువాత దానిని ఎలా భద్రపరచాలి, ఏ వేళ వాడాలి, ఒకరోజు మరచిపోతే ఏం చేయాలి, ఒళ్ళు వెచ్చబడితే అది మందువల్లనా వ్యాధివల్లనా అనే ప్రశ్నలు రోజూ ఎదురవుతాయి. ఈ ప్రశ్నలకు రోగి స్వయంగా సమాధానం చెప్పుకోగలిగే స్థితినే ఆధునిక ఆరోగ్యశాస్త్రం స్వీయనిర్వహణ అంటున్నది.

మల్టిపుల్ స్క్లీరోసిస్ విషయంలో ఈ సమస్య మరింత జటిలమైనది. నాడీతంతువులను కప్పివుండే మైలిన్ తొడుగుపై శరీరంలోని రక్షణవ్యవస్థే దాడిచేయడం ఈ వ్యాధి స్వభావం. ఎక్కువగా 20–40 ఏళ్ళ వయస్సులో, పురుషులలో కంటె స్త్రీలలో అధికంగా మొదలవుతుంది. చూపు మందగించడం, కాళ్ళుచేతులు తిమ్మిరెక్కడం, నడక తడబడటం, విపరీతమైన అలసట, మూత్రనియంత్రణ తప్పడం దీని లక్షణాలలో కొన్ని. చాలామందిలో వ్యాధి తిరగబెడుతూ, తగ్గుతూ సాగుతుంది. చూపు, చేతివాటం, జ్ఞాపకశక్తి స్వీయనిర్వహణకు అవసరమైన సాధనాలు. ఈ వ్యాధి దెబ్బతీసేది సరిగ్గా వాటినే. కాబట్టి ఇక్కడ ‘స్వీయ’ అన్న మాట మరొకరి తోడు లేకుండా నిలబడదు. ఆ తోడుగా ఫార్మసిస్టు ఎప్పుడు, ఏ పరిస్థితులలో ప్రవేశించాడన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రధానాంశం.

2. రోగికి తెలియని రోగం

ఈ వ్యాధిని ప్రత్యేకవ్యాధిగా నిర్వచించిన ఘనత పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కోది. 1868లో ఆయన దాని లక్షణాలను, మరణానంతర పరీక్షలో కనిపించిన మచ్చలను జోడించి వివరించాడు. అంతకు నాలుగు దశాబ్దాలకు ముందే ఒక రోగి తన వ్యాధిని తానే నమోదుచేసుకోవడం మొదలుపెట్టాడు. బ్రిటిష్ రాజు 3వ జార్జి మనుమడు అగస్టస్ డెస్టె (1794–1848) తన దినచర్య పుస్తకంలో 1822 నాటి చూపుమందగింపు మొదలుకొని, తరువాతి కాళ్ళ బలహీనత వరకు వరుసగా రాసుకున్నాడు. వైద్యులు సూచించిన స్నానాలు, మర్దనాలు, విద్యుత్ చికిత్స మొదలైనవాటిని కూడా అందులో చేర్చాడు. అతనికి తన రోగం పేరు తెలియదు. అప్పటికి ఆ పేరే లేదు. అయినా ఏది చేస్తే ఏమైందో గమనించి, రాసి, పోల్చిచూసుకొన్నాడు. ఆ రాతప్రతి 1948లో అచ్చయింది. స్వీయనిర్వహణకు సంబంధించిన ప్రాథమిక పద్ధతి, అంటే స్వీయపరిశీలన, అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

రోగానికి పేరు ఏర్పడిన తరువాత ఆ పేరు రోగికి చెప్పకపోవడం ఆనవాయితీ అయింది. ఆంగ్ల రచయిత, ప్రకృతిశాస్త్రజ్ఞుడు బార్బెలియన్ ఉదంతం ఇందుకు నిదర్శనం. ఈ కలంపేరు గల బ్రూస్ కమింగ్స్ 1915 నవంబరులో సైన్యంలో చేరికకు సంబంధించిన వైద్యపరీక్షకు వెళ్ళాడు. తన వైద్యుడు సీలువేసి ఇచ్చిన ఉత్తరాన్ని తిరుగుదారిలో విప్పి చదివి తన వ్యాధి పేరు తెలుసుకున్నాడు. ఆ సంగతి తన భార్యకు పెళ్ళికి ముందే తెలుసునని ఆ తరువాత గాని అతనికి తెలియలేదు. ఆ దినచర్య 1919లో పుస్తకంగా వెలువడింది. అదే ఏడాది అతడు మరణించాడు. రోగి క్షేమంకోరి పాటించిన మౌనం రోగిని తన జీవితం గురించిన నిర్ణయాలకు దూరంచేసింది.

ఈ మౌనానికి వ్యతిరేకమైన సంఘటన 1945లో న్యూయార్కులో జరిగింది. తమ్ముడికి ఈ వ్యాధి సోకడంతో సిల్వియా లారీ అనే యువతి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక చిన్న ప్రకటన వేసింది. ఈ వ్యాధినుండి కోలుకున్నవారెవరైనా ఉంటే తెలియజేయమని కోరింది. జవాబులు వచ్చాయి. కాని కోలుకున్నవారినుండి కాదు, తనలాగే వెతుకుతున్నవారినుండి. వారిని కలుపుకొని 1946లో ఆమె స్థాపించిన సంఘమే తరువాతికాలంలో అమెరికా జాతీయ మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ అయింది. చికిత్స లేని కాలంలో రోగులకు దక్కిన తొలి సహాయం సమాచారాన్ని పంచుకోవడమే.

3. మాట్లాడకూడని ఫార్మసిస్టు

రోగికి సమాచారం అందని ఆ కాలంలోనే ఫార్మసిస్టు నోటికి కూడా తాళం పడింది. అమెరికన్ ఫార్మసిస్టుల సంఘం 1922లో, మళ్ళీ 1952లో సవరించిన నీతినియమావళి ప్రకారం, వైద్యుడు రాసిన మందులో ఏముందో, అది ఏం చేస్తుందో ఫార్మసిస్టు రోగితో చర్చించరాదు. రోగి అడిగితే వైద్యుణ్ణి అడగమని పంపాలి. 1951 నాటి డర్హమ్–హంఫ్రీ సవరణ వైద్యుని చీటీ ఉంటేనే ఇవ్వవలసిన మందులను వేరుచేయడంతో ఫార్మసిస్టు స్వతంత్ర నిర్ణయాధికారం మరింత తగ్గింది. మందులు నూరి, కలిపి, తయారుచేసే పని కర్మాగారాలకు తరలిపోయింది. లెక్కపెట్టి, పొట్లంకట్టి, చీటీ అంటించే పని మిగిలింది. తెలుగు పల్లెల్లో రంగునీళ్ళ సీసాలు నింపిన ‘కాంపౌండరు’ కూడా ఇదే పరిణామంలో కనుమరుగయ్యాడు.

ఈ స్థితిని ప్రశ్నించినవారు ఆ వృత్తిలోనే ఉన్నారు. వర్జీనియా రాష్ట్రంలోని బెర్రీవిల్ అనే చిన్న ఊరిలో యూజీన్ వైట్ 1960లో తన దుకాణంలోని శీతలపానీయాల బల్లను, ఇతర సరుకులను తొలగించి దానిని వైద్యుని గదివంటి కార్యాలయంగా మార్చాడు. ప్రతిరోగికీ ఒక కార్డు తెరిచి వాడుతున్న మందులన్నీ అందులో నమోదుచేశాడు. 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి తొమ్మిదో అంతస్తులో ఫార్మసిస్టులను వార్డులోకి పంపే ప్రయోగం మొదలైంది. 1969లో నీతినియమావళినుండి మౌననియమం తొలగిపోయింది. 1990లో హెప్లర్, స్ట్రాండ్ తమ ప్రసిద్ధ వ్యాసంలో ఫార్మసిస్టు బాధ్యత మందు అందించడంతో తీరదని, ఆ మందువల్ల రోగి జీవితంలో కలిగే ఫలితానికి కూడా అతడు జవాబుదారీ అని ప్రతిపాదించారు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం, పేదల ఆరోగ్యపథకం కింద మందు తీసుకునేవారికి ఫార్మసిస్టు కౌన్సెలింగ్ ఇవ్వజూపాలని నిర్దేశించింది. అది 1993 జనవరినుండి అమలులోకి వచ్చింది.

4. 1993: సూది ఇంటికి వచ్చిన సంవత్సరం

అదే 1993 జులైలో ఇంటర్‌ఫెరాన్ బీటా–1బి ఔషధానికి అమెరికా ఆహార ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. 372 మంది రోగులపై జరిగిన పరీక్షలో అది వ్యాధి తిరగబెట్టడాన్ని సుమారు మూడోవంతు తగ్గించింది. గిరాకీకి తగినంత సరఫరా లేక తొలిదశలో మందు ఎవరికి ముందు దక్కాలన్నది లాటరీద్వారా నిర్ణయించారు. వ్యాధిగ్రస్తుల సంఘాలు అర్ధశతాబ్దంగా ఎదురుచూసిన మందు ఆ విధంగా చీటీలు తీసి పంచుకోవలసిన వస్తువైంది.

లాటరీలో పేరు వచ్చినవారికి అసలు పరీక్ష అక్కడ మొదలైంది. రోజువిడిచి రోజు చర్మం కింద సూది వేసుకోవాలి. పొడిరూపంలోని మందులో ద్రావకం కలిపి, నురుగు రాకుండా కరిగించి, సిరంజిలోకి తీసుకోవాలి. చేతులు వణికే రోగికి, చూపు మసకబారిన రోగికి ఇది చిన్నపని కాదు. వేసుకున్న రాత్రి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. సూదిగుచ్చినచోట ఎర్రబడి గట్టిపడుతుంది. ఇన్ని బాధలు పడినా రోగికి వెంటనే కనిపించే మేలు లేదు. జ్వరంమాత్ర వేస్తే జ్వరం తగ్గుతుంది. ఈ మందు వేస్తే రేపు రావలసిన దాడి రాకపోవచ్చు. రాని దాడిని రోగి ఎలా చూడగలడు?

మల్టిపుల్ స్క్లీరోసిస్ ఔషధసేవ యావత్తూ ఈ ప్రశ్నచుట్టూనే తిరుగుతుంది. మందు పాతనష్టాన్ని పూడ్చదని, రాబోయే నష్టాన్ని తగ్గిస్తుందని మొదటిరోజే చెప్పకపోతే రోగి కొద్దినెలల్లో నిరాశపడి మానివేస్తాడు. సూదివేసే చోటును తొడ, పొట్ట, చేయి అని మార్చుకుంటూ పోవడం, జ్వరలక్షణాలు నిద్రలో గడచిపోయేలా రాత్రిపూట వేసుకోవడం, ముందుగా జ్వరంమాత్ర తీసుకోవడం, మందును గది ఉష్ణోగ్రతకు తెచ్చుకోవడం, కాలేయపరీక్షల తేదీలు గుర్తుంచుకోవడం చిన్నచిన్న సంగతులే. మందు కొనసాగడమా, ఆగిపోవడమా అన్నది నిర్ణయించేవి మాత్రం అవే. 1996లో వారానికొకసారి కండరంలోకి వేసే ఇంటర్‌ఫెరాన్ బీటా–1ఎ, రోజూ వేసే గ్లాటిరామర్ అసిటేట్ కూడా అమెరికాలో అనుమతి పొందాయి. దానితో ఏ మందు ఎవరి జీవితానికి సరిపోతుందన్న మాటకూడా కౌన్సెలింగులో చేరింది.

22 దేశాల్లోని 2,648 మంది రోగులతో జరిపి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నలుగురిలో ముగ్గురు సూదులను క్రమంగా వాడుతున్నట్లు తేలింది. వాడనివారిలో సగంమంది చెప్పిన కారణం మరపు. మరపు ఈ వ్యాధి లక్షణాలలో ఒకటి కూడా. అందుచేత దానిని రోగి అశ్రద్ధగా భావించి మందలించడం తప్పు. కేలండరు, మొబైలు అలారం, ఇంటివారి సాయం వంటి ఏర్పాట్లుచేయడం, తిరిగి నింపుకోవలసిన మందు సమయానికి రానప్పుడు ఫోనుచేసి విచారించడం ఫార్మసిస్టు చేయగలపనులు. మందు తీసుకువెళ్ళిన తేదీలు ఉండేది అతని పుస్తకంలోనే. రోగి మందు మానుకున్న విషయం వైద్యునికన్నా ముందు తెలిసేది అతనికే.

5. నిఘా, నేర్పు, పొరపాటు

తరువాతి దశాబ్దంలో ఔషధాలు బలమైనవయ్యాయి, వాటి ప్రమాదాలూ పెరిగాయి. 2004 నవంబరులో అనుమతి పొందిన నటాలిజుమాబ్, మెదడుకు సోకే అరుదైన ప్రాణాంతక వైరస్ వ్యాధి కేసులు బయటపడటంతో 2005 ఫిబ్రవరిలో విపణినుండి వెనక్కి వెళ్ళింది. తమకు ఆ మందు కావాలని రోగులు స్వయంగా సలహాసంఘం ముందు వాదించారు. 2006 జూన్‌లో అది కఠిన నిబంధనలతో తిరిగి వచ్చింది. రోగి, వైద్యుడు, మందు ఎక్కించే కేంద్రం, ఫార్మసీ అన్నీ నమోదుకావాలి. ప్రతిసారి మందు ఎక్కించేముందు ప్రశ్నావళి పూర్తిచేయాలి. ఎంత ప్రమాదాన్ని అంగీకరించాలన్న నిర్ణయంలో రోగికి భాగం దక్కింది. ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నదేనా అని చూడటం ఫార్మసిస్టుకు కూడా బాధ్యత అయింది.

2010 సెప్టెంబరులో తొలి నోటిమందు ఫింగోలిమాడ్ వచ్చింది. మాత్ర వచ్చింది కాబట్టి ఇక సాయం అక్కరలేదన్న భావన సరికాదు. ఫింగోలిమాడ్ తొలిమోతాదు తరువాత గుండెవేగం తగ్గే అవకాశం ఉన్నందున ఆరుగంటలపాటు పరిశీలన అవసరం. 2012లో వచ్చిన టెరిఫ్లునమైడ్ గర్భిణులు వాడరానిది. 2013లో వచ్చిన డైమిథైల్ ఫ్యుమరేట్‌వల్ల ముఖం వెచ్చబడి ఎర్రబారడం, కడుపులో ఇబ్బంది కలుగుతాయి. ఆహారంతో తీసుకుంటే తట్టుకోవడం సులువు. సంతానవయస్సులోని స్త్రీలే అధికంగా బాధితులైన వ్యాధిలో గర్భధారణ ఆలోచనను సున్నితంగా అడిగి తెలుసుకోవడం మందుల కౌన్సెలింగులో అంతర్భాగమైంది.

ఫార్మసిస్టు పాత్రలోని మరొక పార్శ్వాన్ని 4–అమినోపిరిడిన్ చరిత్ర చూపిస్తుంది. నడకను మెరుగుపరిచే ఈ మందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్రగా 2010 జనవరిలో అమెరికాలో అనుమతి పొందింది. అంతకుముందు ఏళ్ళతరబడి ఫార్మసిస్టులే దానిని గుళికలుగా తయారుచేసి రోగులకిచ్చారు. కంపెనీ మందు లేనిచోట రోగికి దారి చూపింది వారి చేతినేర్పే. కాని ప్రభావవంతమైన మోతాదుకూ, మూర్ఛ తెప్పించే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. అనుకోకుండా మోతాదుమించి విషప్రభావానికి గురైన నలుగురు రోగుల ఉదంతం 2008లో ఒక నాడీవైద్య పత్రికలో వెలువడింది. సాయంచేసే చేతికి ప్రమాణాలు, తనిఖీ అవసరమన్న పాఠం ఇందులో ఉంది.

6. స్వీయనిర్వహణ: సాధికారతా, భారమా?

స్వీయనిర్వహణ అన్న భావన 1970లలో ఉబ్బసంతో బాధపడే పిల్లలపై థామస్ క్రీర్ చేసిన పనిలోను, అదే దశాబ్దం చివర స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ కీళ్ళవాత రోగులకోసం రూపొందించిన శిక్షణలోను రూపుదిద్దుకుంది. దీర్ఘరోగి చేయవలసిన పని మూడువిధాలని కార్బిన్, స్ట్రౌస్ 1988లో వివరించారు: వైద్యసంబంధమైన పని, జీవితంలోని పాత్రలను కొనసాగించే పని, మనసులోని దుఃఖాన్ని, భయాన్ని సంబాళించుకునే పని. ఫార్మసిస్టు సేవను మొదటిదానికే పరిమితంచేసి చూడటం పరిపాటి. ఆచరణలో ఈ మూడింటినీ విడదీయడం కష్టం. అలసటవల్ల వంట చేయలేకపోతున్నానని ఒక గృహిణి చెప్పినప్పుడు, అది వాడుతున్న మందుల మగతా, నిద్రలేమా, వ్యాధి సహజలక్షణమా అని విడదీసి చూడటంతోనే ఆమెకు సాయం మొదలవుతుంది.

ఈ భావనకు మరోవైపు ఉంది. ‘నీ ఆరోగ్యం నీ చేతిలో’ అన్న మాట, వ్యవస్థ తన బాధ్యతనుండి తప్పుకోవడానికి సాకు కావచ్చు. మందు ధర అందనంత ఉన్నప్పుడు క్రమం తప్పిన రోగిని తప్పుపట్టడం అన్యాయం. బ్రిటన్‌లో 2002 ఫిబ్రవరిలో నైస్ సంస్థ ఖర్చుకు తగిన ఫలితం లేదంటూ ఇంటర్‌ఫెరాన్ బీటా, గ్లాటిరామర్‌లను సిఫారసు చేయడానికి నిరాకరించింది. అదే ఏడాది ప్రభుత్వం, కంపెనీలు కలిసి నష్టభయాన్ని పంచుకునే పథకం తెచ్చాయి. దానితోపాటు ప్రత్యేక నర్సులసంఖ్య పెరిగింది, కౌన్సెలింగు బాధ్యతలో అధికభాగం వారిదయింది. 2011లో ఇంగ్లండు ఫార్మసీలలో ప్రారంభమైన కొత్తమందుల సేవలో ఉబ్బసం, మధుమేహం, రక్తపోటు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు చేరాయి. మల్టిపుల్ స్క్లీరోసిస్ చేరలేదు. ఈ మందులు వీధిలోని మందులషాపుగుండా కాక ఆసుపత్రులు, ఇంటికి చేరవేసే సంస్థలద్వారా అందుతాయి. అందువల్ల రోగి తన ప్రధానమందును ఒకచోట, మూత్రసమస్యకో బిగుసుకుపోయే కండరాలకో వాడేమందును మరొకచోట తీసుకుంటాడు. రెండుజాబితాలనూ కలిపి చూసేవారు లేకపోతే పరస్పరం పొసగని మందులు కలిసే ప్రమాదం ఉంది. కండరాల బిగువుకు వాడే బాక్లోఫెన్‌ను హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చన్న సంగతి రోగికి చెప్పవలసింది కూడా అలా చూసేవారే.

7. తెలుగునేలతో సంబంధం

ఈ ఔషధచరిత్రలో హైదరాబాదుకు స్పష్టమైన స్థానం ఉంది. రిటుక్సిమాబ్ జీవసదృశ ఔషధాన్ని 2007లో లింఫోమా చికిత్సకోసం విడుదలచేసింది హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్. 2017 అక్టోబరులో మైలాన్ సంస్థ అమెరికాలో అనుమతి పొందిన గ్లాటిరామర్ జెనెరిక్ మందు వెనుక భాగస్వామి హైదరాబాదుకు చెందిన నాట్కో. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మల్టిపుల్ స్క్లీరోసిస్‌కోసం అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చిన మూడుమందులలో క్లాడ్రిబిన్‌తోపాటు గ్లాటిరామర్, రిటుక్సిమాబ్ ఉన్నాయి. మందుతయారీలో ఇంత ముందున్న నేలపై మందువాడకంలో తోడు ఏ స్థితిలో ఉన్నదన్నది సహజమైన ప్రశ్న.

చట్టం కొంతదూరం నడిచింది. 1948 ఫార్మసీ చట్టం వృత్తికి నమోదును తప్పనిసరి చేసింది. 2008లో రోగిసేవకు ప్రాధాన్యమిచ్చే ఫార్మ్.డి. కోర్సు దేశంలో ప్రారంభమై తెలుగు రాష్ట్రాల కళాశాలలలోనూ విస్తరించింది. 2015 నాటి ఫార్మసీ ఆచరణ నిబంధనలు రోగికి కౌన్సెలింగు ఇవ్వడాన్ని వృత్తిధర్మంలో చేర్చాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఒకటి. కాని నిబంధన పుస్తకంలో ఉండటం వేరు, కౌంటరు దగ్గర సంభాషణగా మారడం వేరు.

ఆ సంభాషణకు స్థానికమైన విషయాలు కావాలి. ఒంటివేడి పెరిగితే ఈ వ్యాధి లక్షణాలు తాత్కాలికంగా ముదురుతాయి; శారీరకశ్రమ తరువాత రోగుల చూపు తాత్కాలికంగా మందగించడాన్ని జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హోఫ్ 1890లో గుర్తించాడు. రోహిణీకార్తె ఎండలో చూపు మసకబారిన రోగి దానిని కొత్తదాడిగా భయపడకుండా, ఎప్పుడు నీడపట్టున చల్లబడాలో, ఎప్పుడు వైద్యునివద్దకు వెళ్ళాలో తెలుసుకోవాలి. 2–8 డిగ్రీలలో ఉంచవలసిన మందును కరెంటు పోయినప్పుడు, బస్సుప్రయాణంలో ఎలా కాపాడుకోవాలో తెలియాలి. అన్నిటికంటె ముఖ్యమైనది భాష. మందుతో వచ్చే సూచనపత్రం ఆంగ్లంలో ఉంటుంది. ‘తిరగబెట్టడం’, ‘తిమ్మిరి’, ‘ఒళ్ళు తూలడం’ వంటి వాడుకమాటలు వ్యాధిని గుర్తించే పరికరాలు. రోగి తన ఒంటిని గమనించేది ఈ మాటలతోనే. తెలుగులో స్పష్టమైన మందుసూచనలు రాయడం వైద్యసాహిత్యంతోపాటు తెలుగు వచనానికీ సంబంధించిన పని.

8. ముగింపు

డెస్టె తన వ్యాధిపేరు తెలియకుండానే దానిని గమనించాడు. బార్బెలియన్ దొంగచాటుగా తెలుసుకున్నాడు. 1993 తరువాతి రోగికి పేరు, మందు, సూది అన్నీ చేతికి అందాయి. వాటిని మోయడానికి తోడు అవసరమైంది. వైద్యుణ్ణి రోగి కలిసేది ఏడాదికి కొన్నిసార్లే. మందు ఇచ్చే మనిషిని కలిసేది నెలనెలా. ఆ కలయికను డబ్బు, పొట్లం చేతులు మారే క్షణంగానే మిగల్చకుండా ప్రశ్నకు చోటిచ్చే సమయంగా మార్చడమే ఫార్మసిస్టు వృత్తి ఒక శతాబ్దంలో నేర్చుకున్న పాఠం. రోగి సొంతంగా నిలబడటం అంటే ఒంటరిగా నిలబడటం కాదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది. మందు తయారుచేసే నగరాలున్న తెలుగునేలపై ఆ మందును గురించి రోగికి అర్థమయ్యే తెలుగులో మాట్లాడే ఫార్మసిస్టు కూడా ఉన్నప్పుడే ఈ చరిత్ర ఇక్కడి రోగికి ఉపయోగపడుతుంది.